బడిదండనము - తల్లిదండ్రుల సమ్మతి: ఒక చారిత్రక పరిశీలనము

బడిలో పంతులు బిడ్డను కొట్టెనని తల్లిదండ్రులు పోలీసు ఠాణాకు పోవుట నేటి వార్తాపత్రికలలో తఱచుగా కనబడు విషయము. అట్టి వార్త చదివినపుడు పెద్దలు రెండు విధములుగా మాటలాడుదురు. తమ చిన్ననాట అయ్యవారు కొట్టెనని ఇంట చెప్పినచో ఇంటివారు మఱి రెండు తగిలించెడివారని కొందఱు చెప్పుదురు. ఇన్నాళ్లకైన పసివాని గోడు వినువారు కలిగిరని మఱికొందఱు సంతసింతురు. రెండు మాటలును అనుభవమునుండి పుట్టినవే. కాని వీని నడుమ ఒక చారిత్రక ప్రశ్న మఱుగుపడుచున్నది. అయ్యవారి చేతికి బెత్తము నిచ్చినవారెవరు? ఇచ్చినవారికి దానిని మఱల తీసికొను వీలుండెనా? ఉండినచో ఆ వీలు ఎప్పుడు, ఎట్లు జాఱిపోయినది?

మేమీ వ్యాసమున ముఖ్యముగా పరిశీలింపదలచినది ఈ ప్రశ్ననే. మా ప్రతిపాదనము సంగ్రహముగా నిది: తెలుగుదేశపు బడులలో పంతులు దండనాధికారము తల్లిదండ్రుల సమ్మతిపై నిలిచినది. ఆ సమ్మతి మూడవస్థలను పొందినది. వీథిబడి కాలమున అది తండ్రి స్వయముగా ఇచ్చి, అవసరమైనచో మఱల తీసికొనదగిన సమ్మతి. సర్కారు విద్యాశాఖయు శిక్షాస్మృతియు ఏర్పడిన పిదప అది న్యాయస్థానము ఊహించి చెప్పిన సమ్మతి. ఇరువదియొకటవ శతాబ్దారంభమునుండి అది ఇచ్చినను చెల్లని సమ్మతి. బడి తగవు ఠాణాకెక్కుటకు మూలకారణమును రెండవ యవస్థయందు వెదకవలెనని మా యభిప్రాయము.

1. ప్రాచీన నియమము

పంతులు దండనమునకు హద్దు నిర్ణయించుట, హద్దు మీఱిన పంతులును ప్రభుత్వము శిక్షించుట పాశ్చాత్యులు తెచ్చిన పద్ధతులని తలచువారు కలరు. అది సరి కాదు. గౌతమ ధర్మసూత్రములు శిష్యుని కొట్టకయే శిక్షింపవలెనని మొదట చెప్పి, అది సాధ్యము కానిచో సన్నని త్రాటితోగాని సన్నని వెదురుబద్దతోగాని శిక్షింపవచ్చునని యనుమతించినవి. మఱియే సాధనముతోనైన కొట్టినచో ఆ గురువు రాజుచే దండింపదగినవాడని వెంటనే చెప్పినవి. మనుస్మృతి యెనిమిదవ యధ్యాయమును ఇట్టి సాధనములనే పేర్కొని, వీపుమీదనే కాని తలమీద కొట్టరాదని నియమించినది. అతిక్రమించినవానికి దొంగతనము చేసినవానికి గల దోషము చెప్పబడినది.

ఈ నియమములలో మూడంశములు గమనింపదగినవి. దండనము చిట్టచివరి యుపాయము. సాధనమునకును దేహస్థానమునకును హద్దు కలదు. హద్దు మీఱినచో గురుశిష్యులకు వెలుపలనున్న యొక యధికారము కలుగజేసికొనును. ఇక లేనిది కూడ గమనింపదగినదే. ఈ సందర్భమున తండ్రి ప్రసక్తి లేదు. గురుకులమున శిష్యుడు గురువునింట నుండువాడు. ఉపనయనముతో అతనిపై నధికారము గురువునకు సంక్రమించినది. తండ్రి ఈ చరిత్రలో ప్రవేశించుట వీథిబడితోడనే.

2. వీథిబడి: ఇచ్చిన సమ్మతి

వీథిబడులను గూర్చి మనకు లభించు వ్రాతలలో మిక్కిలి విలువైనది బళ్లారి కలెక్టరు ఏ. డి. క్యాంబెల్ 1823 ఆగస్టు 17న పంపిన నివేదిక. ఈయన తెలుగువారికి క్రొత్తవాడు కాడు. 1816లో తెలుగు భాషకు ఆంగ్లమున వ్యాకరణము రచించినవాడీతడే. మద్రాసు గవర్నరు సర్ థామస్ మన్రో 1822 జూన్ 25న జిల్లాలలోని బడుల లెక్కలు సేకరింప నాజ్ఞాపింపగా, కలెక్టరులలో పెక్కుమంది అంకెలు మాత్రము పంపిరి. క్యాంబెల్ బడి నడచు తీరును కూడ వర్ణించెను. అప్పటి బళ్లారి జిల్లాలో నేటి అనంతపురము ప్రాంతమును చేరియుండెను. ఆయన లెక్క ప్రకారము జిల్లాలో 533 బడులు, 6,641 మంది విద్యార్థులు. ఆ బడులలో 226 తెలుగు బడులు, 235 కన్నడ బడులు.

బిడ్డకు అయిదవ యేడు రాగానే జరుగు అక్షరాభ్యాసమును క్యాంబెల్ వర్ణించెను. అయ్యవారును బడిపిల్లలును ఆ బిడ్డ యింటికి పిలువబడుదురు. వినాయకుని ప్రతిమ చుట్టును కూర్చుందురు. బిడ్డచేత బియ్యములో నక్షరములు దిద్దింతురు. పిల్లవాడు బడికి పోవుటకు ముందు బడియే పిల్లవాని యింటికి వచ్చినదన్నమాట. తండ్రి తన గడపలో, బంధువుల యెదుట, బిడ్డను అయ్యవారి చేతిలో పెట్టెను. సమ్మతి యనగా నిట ఊహ కాదు. పదిమంది చూచిన క్రియ.

దండనమును గూర్చియు క్యాంబెల్ వ్రాసెను. ఉదయమున బడికి మొదట వచ్చిన పిల్లవాని అరచేత గౌరవసూచకముగా సరస్వతి పేరు వ్రాయుదురు. రెండవవాని చేత సున్న చుట్టుదురు. వానికి మెప్పును లేదు, దెబ్బయును లేదు. మూడవవానికి మెల్లగా నొక దెబ్బ, నాలుగవవానికి రెండు, అటుపై వచ్చినవారికి వరుసగా ఒక్కొక్కటి యెక్కువ. సోమరిని బెత్తముతో కొట్టుటయు, రెండు చేతులు కట్టి ఇంటికప్పునుండి వ్రేలాడదీయుటయు, ఎడతెగక కూర్చుండబెట్టి లేపుటయు కలవు. ఈ కడపటిది బాధాకరమైనను ఆరోగ్యమునకు మంచిది కావచ్చునని కూడ క్యాంబెల్ వ్రాసెను! వ్రేలాడదీయుటయే మన పెద్దల నోట కోదండమను పేర నిలిచినది. లేచి కూర్చుండుట గుంజీలుగా ఇప్పటికిని వాడుకలో నున్నది. తొడపాశము, గోడకుర్చీ మొదలగు మాటలను చేర్చినచో బడిదండనమునకు సంబంధించిన పదజాలము తెలుగున సమృద్ధమని తెలియును. ఇన్ని పేర్లుండుటయే ఆ యాచారము ఎంతగా నాటుకొనెనో చెప్పుచున్నది. "మొక్కై వంగనిది మానై వంగునా" యను సామెత దానికి తోడు నిలిచినది.

మఱి యీ కఠినదండనములపై తల్లిదండ్రులకు చెప్పుకొనుచోటు ఉండెనా? ఉండెనని మేము తలచుచున్నాము. అది కచ్చేరి కాదు, ఊరే. అయ్యవారి జీవనము తల్లిదండ్రులిచ్చు నెలజీతముమీదను, పండుగలకిచ్చు కట్నములమీదను నడచెడిది. దసరా దినములలో పిల్లలు విల్లంబులు చేతబట్టి అయ్యవారి వెంట ఇల్లిల్లు తిరిగి, అయ్యవారికి కానుకలును తమకు పప్పుబెల్లములును గైకొనుట ఈ సంబంధమునకు బహిరంగరూపము. జీతమిచ్చువాడు జీతమాపగలడు, బిడ్డను బడి మాన్పింపగలడు, రచ్చబండకడ నలుగురిలో అడుగగలడు. తండ్రి దెబ్బలను మెచ్చుకొనుట నిజమే కావచ్చును. కాని మెచ్చుకొనని నాడు ఆ సమ్మతిని మఱల తీసికొనుటకు ఆతడు ఎవరి యనుమతియు కోరనక్కఱలేదు.

ఇట్లు చెప్పుటచే మేము వీథిబడిని కొనియాడుచున్నామని పాఠకులు తలపరాదు. ఆ 6,641 మందిలో బాలికలు 60 మంది మాత్రమే. అంటరానివారని వెలివేయబడిన కులముల బిడ్డలకు ఆ బడి గుమ్మము తెఱచుకొనలేదు. కావున వీథిబడిలో తండ్రికి గల మాట కొన్ని కులముల తండ్రులకు మాత్రమే గల మాట. క్యాంబెలే తన నివేదికలో, మధ్యతరగతివారును పేదవారును బిడ్డల చదువునకగు వ్యయము భరింపలేని స్థితికి వచ్చిరనియు, దేశము క్రమముగా పేదయగుచుండుటయే దీనికి కారణమనియు వ్రాసెను. జీతమీయలేని తండ్రి మాటకు విలువ యెంత? ఈ ప్రశ్నను మనము వ్యాసాంతమున మఱల తలచుకొనవలసియుండును.

3. ఐదేండ్లలో మూడు వ్యవస్థలు

1854 జూలైలో సర్ చార్లెస్ వుడ్ విద్యావిషయక లేఖ వెలువడెను. దాని ననుసరించి 1855లో మద్రాసు రాజధానిలో విద్యాశాఖ యేర్పడి, ఏ. జె. అర్బత్ నాట్ దానికి మొదటి డైరెక్టరయ్యెను. 1859లో 24వ చట్టముచే మద్రాసు జిల్లాలకు క్రొత్త పోలీసు వ్యవస్థ కలిగెను. 1860లో 45వ చట్టముగా భారత శిక్షాస్మృతి ఆమోదము పొంది, 1862 జనవరి 1నుండి అమలులోనికి వచ్చెను. విద్యాశాఖ, పోలీసుశాఖ, శిక్షాస్మృతి - ఈ మూడును ఐదేండ్ల వ్యవధిలో నేర్పడుట యాదృచ్ఛికమే కావచ్చును. కాని తండ్రికిని పంతులుకును నడుమనున్న సంబంధమును ఈ మూడును కలిసి మార్చివేసినవి.

మొదటి మార్పు జీతమునకు సంబంధించినది. గ్రాంటు పొందు బడిలోను సర్కారు బడిలోను పంతులు తండ్రికి జవాబుదారి కాడు, ఇన్స్పెక్టరునకు జవాబుదారి. జీతమాపుట, కట్నము మానుట అను నుపాయములు తండ్రి చేతినుండి జాఱిపోయినవి. బిడ్డను మాన్పించుట మిగిలెను గాని, ఉద్యోగమునకు పరీక్ష యుత్తీర్ణత యవసరమైన కాలమున బిడ్డను బడి మాన్పించుట పంతులుకు శిక్ష కాదు, బిడ్డకే శిక్ష.

రెండవ మార్పు శిక్షాస్మృతివలన కలిగినది. ఒకరి దేహమునకు నొప్పి కలిగించుట నేరమని 319, 323 విభాగములు చెప్పినవి. పంతులు బెత్తమును ఈ నిర్వచనములోనికే వచ్చును. కాని 88, 89 విభాగములు మినహాయింపులు కల్పించినవి. పండ్రెండేండ్లలోపు బిడ్డ మేలుకొఱకు సద్బుద్ధితో సంరక్షకుడుగాని, సంరక్షకుని సమ్మతితో మఱియొకడుగాని చేసిన పని నేరము కాదు. పండ్రెండేండ్లు నిండినవాని విషయమున వాని సమ్మతియే చాలును. సమ్మతి స్పష్టమైనదైనను సరే, పరిస్థితులనుబట్టి గ్రహింపదగినదైనను సరే. 89వ విభాగమునకు స్మృతికర్తలు చేర్చిన యుదాహరణము బడికి సంబంధించినది కాదు. బిడ్డ కడుపులోని రాయిని తీయింపగోరి వైద్యునిచే శస్త్రచికిత్స చేయించు తండ్రిని గూర్చినది. వైద్యుని కత్తికొఱకు కట్టిన పందిరి క్రిందికి పంతులు బెత్తమును వచ్చి చేరినది.

4. ఊహింపబడిన సమ్మతి

శిక్షాస్మృతి ఆమోదము పొందిన 1860వ సంవత్సరముననే ఇంగ్లండులో నొక యభియోగము జరిగెను. ఈస్ట్ బర్న్ అను ఊర బడి నడపుచున్న థామస్ హాప్లీ యను పంతులు, చదువు రాని యొక బాలుని మొండితనము వదలింపదలచి, కఠినముగా దండించుటకు తండ్రి యనుమతిని జాబు వ్రాసి కోరెను, తండ్రి యంగీకరించెను. ఏప్రిలులో ఒక రాత్రి దెబ్బలు రెండు గంటలకుపైగా సాగినవి. తెల్లవాఱునప్పటికి బాలుడు మరణించియుండెను. హాప్లీకి నాలుగేండ్ల కఠినశిక్ష పడెను. ప్రధానన్యాయమూర్తి కాక్ బర్న్ ఆ సందర్భమున చెప్పిన సూత్రము తరువాతి న్యాయమూర్తులకు మార్గదర్శకమయ్యెను. తండ్రి, తండ్రి యధికారము నొందిన పంతులు, మితమును సమంజసమునైన దండనము చేయవచ్చును. కోపముతో చేసినను, మితి మీఱినను, బిడ్డ సహింపలేనంతసేపు సాగించినను, తగని సాధనము వాడినను అది చట్టవిరుద్ధము.

ఈ యభియోగమున తండ్రి సమ్మతి కాగితముపై నుండెను. ఐనను అది పంతులును రక్షింపలేదు, బిడ్డను అంతకంటెను రక్షింపలేదు. భారతదేశపు న్యాయస్థానములలో నడచిన వ్యాజ్యములలోనో, అట్టి కాగితము సామాన్యముగా లేదు. అందుచే న్యాయమూర్తులు సమ్మతిని ఊహింపవలసివచ్చెను. 1949లో ప్రకటితమైన బొంబాయి హైకోర్టు తీర్పును, 1962లో ప్రకటితమైన మద్రాసు హైకోర్టు తీర్పును ఇందుకు ముఖ్యోదాహరణములు. మద్రాసు తీర్పు సారాంశమిది: క్రమశిక్షణ నిలుపు నధికారము పంతులుకు లేకున్నచో విద్యకే హాని, కావున బిడ్డను పంతులుకు అప్పగించునపుడే తండ్రి ఆ యధికారమునకును అంతర్గతముగా సమ్మతించెనని భావింపవలెను, కాని బిడ్డ దేహము శిక్షాస్మృతి రక్షణలోనిదే, దండనము మితి మీఱినచో పంతులు ఆ మినహాయింపును కోల్పోవును.

ఈ తర్కమునందలి కీలకమును పరిశోధక విద్యార్థులు జాగ్రత్తగా గమనింపవలెను. వీథిబడి తండ్రి బిడ్డను బడిలో చేర్చుటయు సమ్మతియే. కాని ఆ సమ్మతి ప్రతినెలయు జీతమిచ్చునపుడు మఱల మఱల ఇవ్వబడుచుండెను. ఇచ్చట చేర్పించుట యొక్కసారి జరుగును. దానినుండి న్యాయస్థానము గ్రహించు సమ్మతి బిడ్డ బడి విడుచువఱకు నిలుచును. నోరు తెఱచి ఇచ్చిన సమ్మతిని నోరు తెఱచి కాదనవచ్చును. ఎన్నడును నోట పలుకని సమ్మతిని కాదనుట యెట్లు? కాదనుటకు మిగిలిన మార్గ మొక్కటే - అది మితి మీఱినదని అభియోగము తెచ్చుట. అనగా తండ్రి అసమ్మతికి చట్టమున గల రూపము అభియోగపత్రమే యైనది. బడి తగవు ఠాణావైపు మఱలిన మలుపు ఇదియే.

5. ఠాణా గుమ్మము

మఱలినను, ఆ గుమ్మము సులభముగా తెఱచుకొనలేదు. 323వ విభాగము క్రింది సామాన్యమైన గాయము, మేజిస్ట్రేటు ఆజ్ఞ లేనిదే పోలీసులు దర్యాప్తు చేయరాని నేరముల పట్టికలో నుండెను. ఎముక విరుగుట, కన్నుపోవుట మొదలగు ఘోరమైన గాయములైననే వారు స్వయముగా కేసు చేపట్టగలరు. వాతలు తేలిన చేతులతో బిడ్డను వెంటబెట్టుకొని వచ్చిన తండ్రికి ఠాణాలో లభింపదగినది ఫిర్యాదును పుస్తకమున వ్రాసికొని మేజిస్ట్రేటునొద్దకు పొమ్ము అను సమాధానమే. మేజిస్ట్రేటునొద్ద అభియోగము తెచ్చుటకు వకీలు, సాక్షులు, పలుమార్లు తిరుగుటకు తీఱిక, ఊరిపెద్దల మనసు నొప్పించుటకు ధైర్యము కావలెను. సాక్షులు ఎవరు? ఆ పంతులునొద్దనే చదువుకొనుచున్న తక్కిన పిల్లలు. నేరము రాజీపడదగినది కూడ కావున, తగవు మధ్యలోనే ముగియుటకు వీలుండెను.

నిజాము పాలనలోని తెలంగాణమున న్యాయవ్యవస్థ వేఱుగా నుండెను. 1951లో పార్లమెంటు చేసిన చట్టముచే భారత శిక్షాస్మృతి హైదరాబాదు రాష్ట్రమునకును విస్తరించి, రెండు తెలుగు ప్రాంతములును ఈ విషయమున నొకే చట్టము క్రిందికి వచ్చినవి.

ఈ గుమ్మమును గూర్చి మఱియొక మాట చెప్పవలసియున్నది. సర్కారు బడి తెఱచిన పిదప, వీథిబడిలో అడుగిడజాలని కులముల బిడ్డలు క్రమముగా చదువునకు వచ్చిరి. వారి తల్లిదండ్రులకు రచ్చబండకడ మాట లేదు. పంతులుతో సమముగా కూర్చుండి అడుగు చోటు లేదు. అట్టివారికి కచ్చేరియు ఠాణాయు, కనీసము చట్టపు కాగితముపైనైన, పంతులుతో సమానుడగు ఫిర్యాదిగా నిలుచు మొదటి చోట్లు. 1989లో షెడ్యూలు కులముల, తెగల వారిపై అత్యాచారముల నిరోధక చట్టము వచ్చినపుడు, దాని క్రింది నేరములను పోలీసులు స్వయముగా చేపట్టవలసినవిగా చేయుట ఈ దృష్టితో గ్రహింపదగినది. ఊరిలోనే సర్దుకొనెడి మంచి దినములు పోయినవని విచారించువారు, ఆ సర్దుబాటులో ఎవరికి పీట వేయబడెనో కూడ విచారింపవలెను.

6. చెల్లని సమ్మతి

మూడవ యవస్థకు నాంది పరదేశమున కనబడును. స్కాట్లండునకు చెందిన ఇద్దఱు తల్లులు తమ బిడ్డలపై బడిలో దండనము ప్రయోగింపరాదని కోరగా అధికారులు అంగీకరింపలేదు. యూరపు మానవహక్కుల న్యాయస్థానము 1982లో తల్లిదండ్రుల విశ్వాసములను మన్నింపకుండుట తప్పని తీర్పు చెప్పెను. తల్లి స్పష్టముగా వలదన్నచోట సమ్మతిని ఊహించుటకు చోటు లేకపోయెను. తరువాత 1986 చట్టముచే బ్రిటను సర్కారు బడులలో బెత్తమును తొలగించిరి.

మన దేశమున 1986 జాతీయ విద్యావిధానము బడులనుండి దేహదండనమును తొలగింపవలెనని ప్రకటించెను. 1989 నాటి ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడికను భారతదేశము 1992 డిసెంబరులో అంగీకరించెను. పిదప ఢిల్లీలో తల్లిదండ్రుల సంఘమొకటి, ప్రధానోపాధ్యాయునికి దండనాధికారమిచ్చు ఢిల్లీ పాఠశాలల 1973 నియమావళిలోని 37వ నియమమును ప్రశ్నించుచు హైకోర్టునకు పోయెను. 2000 డిసెంబరు 1న ఆ కోర్టు, ఆ నియమము రాజ్యాంగపు 14, 21 అధికరణములకు విరుద్ధమని కొట్టివేసెను. ఈ సంఘటనమునందలి చమత్కారమును గమనింపుడు. నూఱేండ్లకు మించి ఏ తల్లిదండ్రుల పేర బెత్తమునకు సమ్మతి ఊహింపబడుచు వచ్చెనో, ఆ తల్లిదండ్రులే సంఘముగా ఏర్పడి, ఆ సమ్మతి మాది కాదని కోర్టులో నిలిచి పలికిరి.

ఆంధ్రప్రదేశ ప్రభుత్వము 2002 ఫిబ్రవరి 18న 16వ నంబరు ఉత్తరువుచే 1966 విద్యానియమావళిలోని 122వ నియమమును సవరించి, విద్యాసంస్థలలో దేహదండనమును నిషేధించెను. 2010 ఏప్రిలు 1నుండి అమలులోనికి వచ్చిన విద్యాహక్కు చట్టపు 17వ విభాగము దేహదండనమును, మానసికవేధింపును రెండింటిని నిషేధించి, అతిక్రమించినవారు ఉద్యోగనియమముల ప్రకారము చర్యకు పాత్రులని చెప్పెను. ఇచ్చట తల్లిదండ్రుల సమ్మతికి ప్రసక్తియే లేదు. తండ్రి స్వయముగా బెత్తము కొనితెచ్చి ఇచ్చినను పంతులు దానిని వాడరాదు. బిడ్డ దేహముపై హక్కు బిడ్డదేయను భావము చట్టరూపము దాల్చినది.

పోలీసుల విషయమునను ఇదే కాలమున మార్పు వచ్చినది. 2000 నాటి బాలన్యాయచట్టపు 23వ విభాగము, బిడ్డను తన యధీనమున నుంచుకొన్నవాడు అనవసరమైన దేహబాధనుగాని మనోబాధనుగాని కలిగించుట నేరమనెను. 27వ విభాగము ఆ నేరమును పోలీసులు స్వయముగా చేపట్టవచ్చుననెను. మేజిస్ట్రేటునొద్దకు పొమ్మను పూర్వపు సమాధానమునకు ఈ విధముగా నొక ప్రత్యుత్తరము లభించినది. శిక్షాస్మృతి స్థానమున 2024 జూలై 1నుండి భారతీయ న్యాయసంహిత అమలులోనికి వచ్చెను. పాత 88, 89 విభాగముల మినహాయింపులు దానిలో 26, 27 విభాగములుగా నిలిచియేయున్నవి. సామాన్యగాయము 115వ విభాగమునకు మాఱినది. అనగా ఒక చట్టము దండనమునే నిషేధించుచుండగా, మఱియొక చట్టమునందు ఆ పాత పందిరి ఇంకను నిలిచియున్నది. నేటి వ్యాజ్యములలో రెండు పక్షములకును చట్టపు మాటలు దొరకుటకు ఇదియొక కారణము.

నిషేధము ఆచారమును వెంటనే మాన్పింపలేదు. కేంద్ర స్త్రీశిశు సంక్షేమ మంత్రిత్వశాఖ ఆంధ్రప్రదేశముతో సహా 13 రాష్ట్రములలో జరిపించి 2007లో ప్రకటించిన పరిశీలనమున, బడికి పోవు పిల్లలలో 65 శాతము మంది తాము దేహదండనము పొందితిమని చెప్పిరి. వీథిబడి నాటి పదజాలము మన నోట ఇంకను సజీవముగా నుండుటకు కారణము వేఱుగా వెదకనక్కఱలేదు.

7. ఉపసంహారము

పై చర్చనుండి తేలునది యిది. తల్లిదండ్రులు ఓర్పు కోల్పోయిరి కావుననో, పంతుళ్లపై గౌరవము సన్నగిల్లినది కావుననో తగవులు ఠాణాకెక్కుచున్నవని చెప్పుట చాలదు. తండ్రికిని పంతులుకును నడుమ నుండెడి చోటు శిథిలమైనది. దాని స్థానమున మఱియొకటి నూఱేండ్లకు పైగా కట్టబడలేదు. నడుమ చోటు లేనివాడు చివరి గుమ్మమునకే పోవును.

విద్యాహక్కు చట్టము ఈ లోపమును కొంత గుర్తించినది. దాని 21వ విభాగము ప్రకారము ఏర్పడు పాఠశాల యాజమాన్య కమిటీలలో నాలుగింట మూడువంతులు తల్లిదండ్రులో సంరక్షకులో కావలెను. సభ్యులలో సగము మంది స్త్రీలు కావలెను. 32వ విభాగము స్థానికసంస్థకు ఫిర్యాదు చేసికొను వీలు కల్పించినది. రచ్చబండకడ పీట లేని తల్లికి ఈ కమిటీలో పీట వేయవలెనని చట్టము చెప్పుచున్నది. వీథిబడి కాలమునకంటె ఇది మేలైన మధ్యస్థానము. కాని రెండు కొఱతలు కలవు. ప్రభుత్వ సహాయము పొందని ప్రైవేటు బడులకు 21వ విభాగము వర్తింపదు. చట్టమున బిడ్డ యనగా ఆఱేండ్లనుండి పదునాలుగేండ్ల లోపు వయస్సు వాడు. తొమ్మిదవ తరగతి దాటిన పిల్లలలో పెక్కుమందికిని, జూనియరు కళాశాలల విద్యార్థులకును 17వ విభాగపు రక్షణ నేరుగా అందదు.

ఇచ్చట మన మొక వింత స్థితిని చూచుచున్నాము. ప్రైవేటు బడిలో బిడ్డను చేర్చిన తల్లిదండ్రులు వీథిబడి తండ్రివలె జీతమిచ్చువారే. కాని ఆ తండ్రికి గల బలము వీరికి లేదు. ఆతడు జీతమును పంతులు చేతికిచ్చెను. వీరు కార్యాలయపు కిటికీలో కట్టుదురు. ఆతడు నెలనెల తీర్పు చెప్పగలిగెను. వీరు ఏడాదికి సరిపడ ముందే చెల్లించినచో నడుమ బిడ్డను మాన్పింపజాలరు. జీతమీయలేని తండ్రి మాటకు విలువ యెంతయని పైన నొక ప్రశ్న వేసితిమి. జీతమిచ్చినను మాటకు విలువ దొరకని తండ్రి నేటి బడిగుమ్మమునొద్ద నిలిచియున్నాడు. ఆతనికిని ఠాణాకును నడుమ మఱియే గుమ్మమును లేదు.

పంతుళ్లమైన మనకు ఈ చరిత్ర చెప్పు పాఠము చేదుగా నుండవచ్చును. పూర్వము తల్లిదండ్రులు మన బెత్తమును సమ్మతించిరని మనము చెప్పుకొనుచుందుము. వీథిబడిలో వారు నిజముగా సమ్మతించిరి, కాదను వీలును తమ చేత నుంచుకొనిరి. తరువాతి నూఱేండ్లకు పైగా వారిని ఎవ్వరును అడుగలేదు; వారు సమ్మతించిరని మనమును న్యాయస్థానములును అనుకొంటిమి. ఇక క్యాంబెల్ వ్రాసిన ఆ బడిలో మూడవవాడుగా వచ్చి మొదటి దెబ్బ తినిన పిల్లవాని సమ్మతిని ఏ కాలమునందును ఎవ్వరును అడుగలేదు. సరస్వతి పేరు వ్రాయబడిన అరచేయియు, దెబ్బ తినిన అరచేయియు ఒక్క యుదయపు బడిలోనివే. ఈ రెండవ చేతిని గూర్చి అడుగుటకు బడిలోపలనే ఒక చోటు కల్పించినచో, దానికొఱకు ఠాణాకు పోవలసిన తల్లిదండ్రుల సంఖ్య తగ్గునని మేము విశ్వసించుచున్నాము.